బ్రౌజర్‌లో లోపం బయటపడినప్పుడు కంప్యూటర్‌ను కాపాడేది ఏది? వెబ్‌పీ ఉదంతంపై విశ్లేషణ

"క్రోమ్ వాడేవారికి కేంద్రం హెచ్చరిక, వెంటనే అప్‌డేట్ చేసుకోండి" అనే తరహా శీర్షిక తెలుగు వార్తల్లో తరచూ కనిపిస్తుంది. ఆ హెచ్చరిక జారీ చేసేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సెర్ట్-ఇన్. లోపం తీవ్రత ఎంత, ఏ వెర్షన్లకు వర్తిస్తుంది, ఏ వెర్షన్‌లో సరిచేశారు అన్నవి ఆ నోటీసులో ఉంటాయి. దాడి ఎలా జరుగుతుందో, అప్‌డేట్ నొక్కాక కంప్యూటర్ లోపల ఏం మారుతుందో వార్త చదివినవారికి తెలియదు. దాంతో కొందరు బ్రౌజర్ మార్చేస్తారు, కొందరు యాంటీవైరస్ కొంటారు, మరికొందరు ఇలాంటివి ఎప్పుడూ వచ్చేవేనని వదిలేస్తారు. వీటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే ఒక అసలైన లోపాన్ని మొదటి నుంచీ చూడాలి. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే చిత్రాల ఫార్మాట్‌ను విప్పే కోడ్‌లో బయటపడిన లోపం గురించి ఇప్పుడు తగినంత సమాచారం బహిరంగంగా ఉంది. దాన్నే ఇక్కడ తీసుకుందాం.

క్లుప్తంగా

ఆ లోపం క్రోమ్ ఒక్కదానిది కాదు. పలు బ్రౌజర్లు, ఫోన్లు, చాట్ యాప్‌లు ఉమ్మడిగా వాడే చిత్రాల లైబ్రరీది, అంటే ముందే రాసిపెట్టిన కోడ్‌ది. అందుకే ఒక బ్రౌజర్ వదిలి మరో బ్రౌజర్‌కు వెళ్లినా ప్రమాదం తప్పలేదు. లోపాన్ని సరిచేసే కోడ్, అంటే ప్యాచ్, కంప్యూటర్‌లోకి దిగినా, బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరిచేదాకా పాత కోడే నడుస్తుంది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత విండోస్ యంత్రాలకు మాత్రం ఏ సెట్టింగ్ మార్చినా పూర్తి రక్షణ రాదు.

ఆ సెప్టెంబరులో ఏం జరిగింది

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన బృందం ఉంది. వాషింగ్టన్ డీసీ కేంద్రంగా పనిచేసే ఒక పౌర సంస్థ ఉద్యోగి ఐఫోన్‌ను పరీక్షిస్తుండగా, అందులోకి పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను చేర్చడానికి వాడిన దాడి ఆ బృందం కంటపడింది. పెగాసస్ ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారీ. ఆ దాడిలో బాధితుడు ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఐమెసేజ్‌లో వచ్చే అటాచ్‌మెంట్‌లో దాచిన చిత్రమే పని పూర్తి చేస్తుంది. సిటిజన్ ల్యాబ్ దీనికి బ్లాస్ట్‌పాస్ అని పేరు పెట్టింది.

సెప్టెంబరు 6న ఆపిల్ భద్రతా బృందం, సిటిజన్ ల్యాబ్ కలిసి క్రోమ్‌లోనూ ఒక లోపం ఉందని గూగుల్‌కు తెలిపాయి. మరుసటి రోజే ఆపిల్ ఐఓఎస్ 16.6.1ను విడుదల చేసింది. సెప్టెంబరు 11న గూగుల్ క్రోమ్ 116 శ్రేణిలో అత్యవసర అప్‌డేట్ ఇచ్చింది. లోపాన్ని "క్రిటికల్"గా వర్గీకరిస్తూ, దీన్ని వాడుకునే దాడి ఇప్పటికే బయట ఉందని ఒప్పుకుంది. తయారీదారు సరిచేయకముందే దాడిదారుల చేతికి చిక్కిన లోపాన్ని భద్రతా రంగంలో జీరో డే అంటారు. ఆ ఏడాది క్రోమ్‌కు ఇది నాలుగో జీరో డే. సెప్టెంబరు 12న మోజిల్లా ఫైర్‌ఫాక్స్ 117.0.1ను, దాంతోపాటు థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌కు ప్యాచ్‌ను విడుదల చేసింది. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ కూడా అదే దారిలో వచ్చాయి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా సెప్టెంబరు 13న ఈ లోపాన్ని తప్పనిసరిగా సరిచేయాల్సిన లోపాల జాబితాలో చేర్చి, అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అక్టోబరు 4 వరకు గడువు ఇచ్చింది.

పరస్పరం పోటీపడే ఇన్ని బ్రౌజర్లు ఒకే వారంలో ఒకే లోపానికి ప్యాచ్ ఇవ్వడం మామూలుగా జరగదు. వాటన్నిటి లోపలా ఉన్నది ఒకే లైబ్రరీ కావడమే దీనికి కారణం.

లోపం ఎక్కడ దాగింది

వెబ్‌పీ గూగుల్ 2010లో తెచ్చిన చిత్రాల ఫార్మాట్. జేపీజీ, పీఎన్‌జీల కంటే తక్కువ పరిమాణంలో అదే చిత్రాన్ని ఇమడ్చడం దాని ఉద్దేశం. ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ 2020లో దీన్ని స్వీకరించాయి. వాట్సాప్ స్టిక్కర్లు కూడా వెబ్‌పీ ఫైళ్లే. ఈ ఫైళ్లను విప్పి తెరపై చూపించడానికి దాదాపు అందరూ గూగుల్ ఉచితంగా ఇచ్చిన లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీనే వాడతారు. అది సీ భాషలో రాసిన కోడ్.

నాణ్యత ఏమాత్రం తగ్గించని వెబ్‌పీ చిత్రాల్లో హఫ్‌మన్ కోడింగ్ ఉంటుంది. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన ఈ పద్ధతిలో తరచూ వచ్చే విలువకు పొట్టి కోడ్, అరుదైన విలువకు పొడవైన కోడ్ కేటాయిస్తారు. ఏ విలువకు ఎంత పొడవైన కోడ్ ఇచ్చారో తెలిపే జాబితా చిత్రం ఫైల్ లోపలే ఉంటుంది. చిత్రాన్ని విప్పే ప్రోగ్రామ్ ఆ జాబితాను చదివి మెమరీలో పట్టికలు కడుతుంది. ఆ పట్టికలు గరిష్ఠంగా ఎంత పెద్దవి కాగలవో ముందే గణితంతో లెక్కగట్టి, సరిగ్గా అంత స్థలాన్నే లిబ్‌వెబ్‌పీ కేటాయించేది. వేగం కోసం చేసిన ఏర్పాటు అది.

ఆ గణితంలో తప్పు లేదు. కానీ అది నియమాలకు లోబడిన జాబితాలకే వర్తిస్తుంది. జాబితా సరైనదా కాదా అన్న తనిఖీ మాత్రం పట్టికలో రాయడం మొదలయ్యాక జరిగేది. కల్యాణ మండపంలో శుభలేఖలు అందుకున్నవారి లెక్క చూసి విస్తళ్లు వేసి, శుభలేఖ ఉందా అని మాత్రం అందరూ కూర్చున్నాక అడిగితే, పిలవనివాళ్లు పక్క మండపంలోకి పొంగిపోయే ఏర్పాటు లాంటిదిది. దాడిదారు కావాలనే నియమం తప్పిన జాబితాను ఫైల్‌లో పెడతాడు. ప్రోగ్రామ్ దాన్ని తప్పు అని గుర్తించే లోపే పట్టిక తన హద్దు దాటి పక్క మెమరీలో రాసేస్తుంది. ఆ పక్క మెమరీలో ఏముండాలో కూడా దాడిదారు ముందే అమర్చుకోగలిగితే, ప్రోగ్రామ్ తర్వాతి అడుగు ఎటు వేయాలో నిర్ణయించే అధికారం అతనికి వస్తుంది.

సరిదిద్దిన తీరు చూస్తే కారణం మరింత స్పష్టమవుతుంది. కొత్త కోడ్‌లో ముందు జాబితాను ఏమీ రాయకుండా ఒకసారి నడిపి చూస్తారు. అది సరైనదని, ఎంత స్థలం కావాలో తెలిశాక అవసరమైతే అదనపు మెమరీ తీసుకుని అప్పుడు రాస్తారు. మార్పు కోడ్‌లో ఒక చిన్న భాగానికే పరిమితం. అయినా ఆ చిన్న భాగం సరిగా లేకుండానే ఏళ్లపాటు కోట్లాది పరికరాల్లో ఆ కోడ్ నడిచింది.

ఎవరూ పరీక్షించక ఇలా జరగలేదు. ఎవరైనా చదవగలిగే ఓపెన్ సోర్స్ కోడ్‌ను నిరంతరం పరీక్షించే గూగుల్ ఓఎస్‌ఎస్-ఫజ్ ఏర్పాటు కింద లిబ్‌వెబ్‌పీ ఏళ్లుగా ఉంది. లక్షల కొద్దీ చెడగొట్టిన ఫైళ్లను ప్రోగ్రామ్‌కు తినిపించి ఎక్కడ కూలుతుందో చూడటం దాని పద్ధతి. కానీ ఈ లోపం బయటపడాలంటే ముందు పట్టికలన్నీ సరైనవై, గరిష్ఠ పరిమాణానికి చేరి, చివరిది ఒక్కటే ఒక నిర్దిష్ట రీతిలో తప్పుగా ఉండాలి. యాదృచ్ఛిక మార్పులతో ఆ కలయిక తగలడం చాలా అరుదు. కోడ్‌ను కూర్చుని చదివి, గణితాన్ని అర్థం చేసుకున్నవారికే అది దొరుకుతుంది. అలా చదవడానికి డబ్బు, సమయం పెట్టేవారిలో నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలు ముందుండటం ఇందులో ఆందోళన కలిగించే సంగతి.

ఒకే లోపానికి మూడు నంబర్లు

ఆ రోజుల్లో వార్తలు చదివినవారిని గందరగోళపరిచిన అంశం మరొకటి ఉంది. బయటపడిన ప్రతి భద్రతా లోపానికి సీవీఈ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది. ఆపిల్ తన ప్యాచ్‌కు సీవీఈ-2023-41064 అనే నంబర్ ఇచ్చింది. గూగుల్ ప్రకటనలో ఉన్నది సీవీఈ-2023-4863. అందులో లోపం క్రోమ్‌ది అన్నట్టే ఉంది, లిబ్‌వెబ్‌పీ లైబ్రరీకి సంబంధించిందన్న స్పష్టత లేదు. సెప్టెంబరు చివరి వారంలో గూగుల్ లైబ్రరీ పేరిట సీవీఈ-2023-5129 అనే మూడో నంబర్ తీసుకుని, తీవ్రతను పదికి పదిగా చూపింది. కొద్ది రోజుల్లోనే అది రెండోదానికి నకలు అంటూ రద్దయింది. ఆపిల్ లోపం, గూగుల్ లోపం ఒకటేనా అన్న చర్చ చాలాకాలం సాగింది. 2025 మార్చిలో లోపాలను వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం పరిశోధకుడు ఇయన్ బీర్ ప్రచురించిన విశ్లేషణ బ్లాస్ట్‌పాస్ దాడిలో వాడింది ఈ హఫ్‌మన్ పట్టిక లోపాన్నేనని చూపింది.

నంబర్ల గొడవ సాంకేతిక వివరంగానే కనిపించవచ్చు. దాని నష్టం మాత్రం అసలైనది. సీవీఈ నంబర్‌ను చూసే ప్రపంచవ్యాప్తంగా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లో ఏది మార్చాలో నిర్ణయించుకుంటాయి. "క్రోమ్ లోపం" అని చదివి, తమ ఉత్పత్తిలో క్రోమ్ లేదు కదా అని పక్కన పెట్టినవారికి రెండు వారాలు పోయాయి.

బ్రౌజర్ మార్చడం: అప్పటికీ ఇప్పటికీ తేడా

లోపం బయటపడగానే బ్రౌజర్ మార్చాలన్న ఆలోచన గాలిలోంచి రాలేదు. ఒకప్పుడు ప్రభుత్వాలే ఆ సలహా ఇచ్చాయి. 2010 జనవరిలో గూగుల్‌తోపాటు పలు కంపెనీలపై జరిగిన దాడుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపాన్ని వాడారని తేలాక, జర్మనీ, ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థలు ప్యాచ్ వచ్చేదాకా వేరే బ్రౌజర్ వాడమని పౌరులకు సూచించాయి. 2014 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మరో జీరో డే బయటపడినప్పుడు అమెరికా కూడా ఇలాంటి సూచనే చేసింది. ఆ లోపం తీవ్రత ఎంతంటే, అప్పటికి కొద్ది వారాల ముందే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మే 1న ప్యాచ్ ఇచ్చింది.

ఆ సలహాలకు అప్పట్లో అర్థం ఉంది. వెబ్ పేజీని విప్పి చూపే కోడ్‌ను ఇంజిన్ అంటారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్ వేరు, ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ వేరు. ఒకదాని తప్పు మరొకదానిలో ఉండదు. నేడు క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ అన్నీ క్రోమియం అనే ఒకే మూలం నుంచి తయారవుతున్నాయి. ఎడ్జ్ 2020 జనవరిలో క్రోమియంకు మారిపోయింది. ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ వేరే అయినా చిత్రాలు, వీడియోలు విప్పే లైబ్రరీలు ఉమ్మడివే. అందుకే వెబ్‌పీ లోపం విషయంలో క్రోమ్ తీసేసి ఎడ్జ్ వేసుకున్నవారూ, ఫైర్‌ఫాక్స్‌కు మారినవారూ అదే లోపాన్ని కొత్త పేరుతో మోశారు. పాత వెర్షన్‌లోనే ఉంటే మరీ ప్రమాదం.

ఇది వెబ్‌పీకే పరిమితం కాలేదు. అదే సెప్టెంబరు 27న వీడియోలకు వాడే లిబ్‌వీపీఎక్స్ లైబ్రరీలో ఇంకో జీరో డేకు క్రోమ్ ప్యాచ్ ఇవ్వగా, ఫైర్‌ఫాక్స్ కూడా వెనువెంటనే ఇవ్వాల్సి వచ్చింది. వి8 అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లోని లోపాలకు మాత్రం లెక్క వేరు. అవి క్రోమియం కుటుంబానికి పరిమితం, ఫైర్‌ఫాక్స్‌కు అంటవు. కాబట్టి హెచ్చరికలో లోపం ఏ భాగంలో ఉందో చూడకుండా బ్రౌజర్ మార్పు గురించి తేల్చడం కుదరదు.

శాండ్‌బాక్స్ ఎంతవరకు ఆపుతుంది

చిత్రం చూసినంత మాత్రాన కంప్యూటర్ మొత్తం పోతుందా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఆధునిక బ్రౌజర్‌లో ఒక్క లోపంతో అంత పని జరగడం కష్టం. క్రోమ్ 2008లో వచ్చినప్పటి నుంచే వెబ్ పేజీని విప్పే ప్రక్రియను మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసి, ఫైళ్లు, కెమెరా, ఇతర ప్రోగ్రామ్‌లు అందకుండా కట్టడి చేసింది. దీన్నే శాండ్‌బాక్స్ అంటారు. 2018 నుంచి డెస్క్‌టాప్ క్రోమ్ ఒక్కో వెబ్‌సైట్‌ను ఒక్కో ప్రక్రియలో ఉంచుతోంది. ఫైర్‌ఫాక్స్ 2021లో అదే ఏర్పాటుకు వచ్చింది. కాబట్టి వెబ్‌పీ లోపంతో లోపలికి వచ్చిన దాడిదారు మొదట ఆ చిన్న గదిలోనే ఉంటాడు. బయటికి రావాలంటే రెండో లోపం కావాలి.

నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మేవారి దగ్గర ఆ రెండోది కూడా ఉండవచ్చు. అందుకే ఇలాంటి దాడులు వరుసగా కొన్ని లోపాలను గొలుసులా కలిపి జరుగుతాయి. ఆ గొలుసు తయారు చేయడానికి చాలా డబ్బు ఖర్చవుతుంది కాబట్టి, దాన్ని మొదట ఎంపిక చేసుకున్న కొద్దిమందిపై, జర్నలిస్టులపై, ఉద్యమకారులపై, దౌత్యవేత్తలపై వాడతారు. మామూలు ఇంటి కంప్యూటర్ ఆ దశలో లక్ష్యం కాదు. ఆ లక్ష్యాల్లో ఉండే అవకాశమున్నవారికి ఆపిల్ 2022లో తెచ్చిన లాక్‌డౌన్ మోడ్ బ్లాస్ట్‌పాస్‌ను అడ్డుకుంటుందని సిటిజన్ ల్యాబ్ తెలిపింది.

ప్యాచ్ వచ్చాకే మామూలు వినియోగదారుకు అసలు ప్రమాదం

ప్యాచ్ విడుదల కాగానే పరిస్థితి తిరగబడుతుంది. క్రోమియం, లిబ్‌వెబ్‌పీ రెండూ ఓపెన్ సోర్స్. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. అంతవరకు లక్షల డాలర్ల రహస్యంగా ఉన్నది నైపుణ్యం ఉన్న ఎవరికైనా అందుబాటులోకి వస్తుంది. లోపం వివరాలను ఎక్కువమంది అప్‌డేట్ అయ్యేదాకా బయటపెట్టబోమని గూగుల్ తన ప్రకటనల్లో రాసేది ఇందుకే. వార్తల్లో వివరాలు లేకపోవడానికీ అదే కారణం. ప్యాచ్ కోడ్‌లోకి చేరిన రోజుకూ అది జనం కంప్యూటర్లలో పనిచేయడం మొదలైన రోజుకూ మధ్య గడువు ఎంత తగ్గితే అంత మంచిది. ఒకప్పుడు క్రోమ్‌లో సగటున 35 రోజులున్న ఆ గడువు రెండు వారాలకోసారి అప్‌డేట్లతో 15 రోజులకు తగ్గింది. 2023 ఆగస్టులో, క్రోమ్ 116తో, భద్రతా అప్‌డేట్లు వారానికోసారి రావడం మొదలైంది.

ఆ గడువును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. అది బ్రౌజర్ లోపం కాదు, విండోస్ నెట్‌వర్క్ భాగంలోనిది. మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలలు ఉన్నా ప్యాచ్ వేయని యంత్రాలు లెక్కలేనన్ని. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దాడిలో చిక్కుకున్నాయి.

బ్రౌజర్ల విషయంలో మరో చిక్కు ఉంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్‌ను తమంతట తామే దించుకుంటాయి. కానీ మెమరీలో నడుస్తున్నది పాత కోడే. దాన్ని మార్చాలంటే బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవాలి. 2019 మార్చిలో క్రోమ్ జీరో డే ఒకటి బయటపడినప్పుడు, క్రోమ్ భద్రతా బృందానికి నాయకత్వం వహించిన జస్టిన్ షూ ఈ విషయాన్నే ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు దాడులు ఫ్లాష్ ప్లగిన్ మీద జరిగేవని, దాన్ని బ్రౌజర్ మూయకుండానే మార్చగలిగేవారని, ఈసారి లోపం క్రోమ్ కోడ్‌లోనే ఉన్నందున రీస్టార్ట్ తప్పదని ఆయన వివరించారు.

ల్యాప్‌టాప్ మూత మూయడం, స్లీప్‌లో పెట్టడం రీస్టార్ట్ కిందికి రావు. యాభై ట్యాబ్‌లు తెరిచి వారాల తరబడి బ్రౌజర్‌ను అలాగే ఉంచేవారి కంప్యూటర్‌లో ప్యాచ్ డిస్క్ మీద ఉన్నా రక్షణ ఉండదు. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కల మెనూలో హెల్ప్, అందులో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరిస్తే వెర్షన్ నంబర్, అప్‌డేట్ స్థితి కనిపిస్తాయి. రీలాంచ్ బటన్ ఉంటే నొక్కాలి. మామూలు ట్యాబ్‌లు తిరిగి తెరుచుకుంటాయి, ఇన్‌కాగ్నిటో కిటికీలు మాత్రం పోతాయి. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇలాంటి అబౌట్ పేజీ ఉంది. హెచ్చరికలో రాసిన వెర్షన్ నంబర్‌ను ఈ పేజీలోని నంబర్‌తో పోల్చి చూడటం ఒక్క నిమిషం పని. అప్‌డేట్ అయిందా లేదా అన్న అనుమానాన్ని ఖాయంగా తీర్చేది అదే.

బ్రౌజర్ అని తెలియని బ్రౌజర్లు

క్రోమ్‌ను రీస్టార్ట్ చేశాక కూడా పాత లిబ్‌వెబ్‌పీ అదే కంప్యూటర్‌లో మరికొన్ని చోట్ల మిగిలి ఉండవచ్చు. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్ డెస్క్‌టాప్, విజువల్ స్టూడియో కోడ్ వంటివి ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టిన యాప్‌లు. చూడటానికి మామూలు ప్రోగ్రామ్‌లే అయినా ఒక్కోదాని లోపల ఒక పూర్తి క్రోమియం కాపీ ఉంటుంది. కంప్యూటర్‌లోని క్రోమ్‌ను మార్చితే ఆ కాపీలు మారవు. ఎలక్ట్రాన్ బృందం ప్యాచ్ ఇవ్వాలి, దాన్ని ఒక్కో యాప్ తయారీదారు తన కొత్త వెర్షన్‌లో చేర్చాలి, ఆ వెర్షన్ వినియోగదారుకు చేరాలి. ఈ మూడు అంచెల్లో ఎక్కడ ఆలస్యమైనా లోపం అలాగే ఉంటుంది. బయటివారు పంపే చిత్రాలను అడగకుండానే తెరిచి చూపడం చాట్ యాప్‌ల స్వభావం కాబట్టి ఈ ఆలస్యం తేలిగ్గా తీసుకోదగింది కాదు.

మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌తోపాటు టీమ్స్, స్కైప్, విండోస్ స్టోర్‌లోని వెబ్‌పీ ఎక్స్‌టెన్షన్‌కు విడిగా ప్యాచ్‌లు ఇవ్వాల్సి వచ్చింది. లిబ్రే ఆఫీస్ కూడా 7.6.2, 7.5.7 వెర్షన్లను ఈ కారణంగా విడుదల చేసింది. లినక్స్‌లో లైబ్రరీ ఒకే చోట ఉమ్మడిగా ఉంటే ఒక్క ప్యాకేజీ మార్పుతో దాన్ని వాడే ప్రోగ్రామ్‌లన్నీ బాగుపడతాయి. స్నాప్, ఫ్లాట్‌పాక్ రూపంలో తన లైబ్రరీని తానే మోసుకొచ్చే ప్రోగ్రామ్‌లకు ఆ సౌలభ్యం లేదు. ఆండ్రాయిడ్ 2023 అక్టోబరు భద్రతా బులెటిన్‌లోనూ ఈ లోపం ఉంది. నెలవారీ అప్‌డేట్లు రాని ఫోన్లకు అది ఎప్పటికీ చేరకపోవచ్చు.

ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

యాంటీవైరస్ ఇలాంటి దాడిలో మొదటి అడుగును సాధారణంగా చూడలేదు. చిత్రం ఫైల్ డిస్క్ మీద ప్రోగ్రామ్‌లా కూర్చోదు, బ్రౌజర్ మెమరీలోనే పని జరిగిపోతుంది. తర్వాత దాడిదారు దించే మాల్‌వేర్‌ను పట్టుకునే అవకాశం మాత్రం ఉంది. ఇన్‌కాగ్నిటో మోడ్, వీపీఎన్, చిరునామా పక్కన తాళం గుర్తు ఈ విషయంలో ఏమీ చేయవు. యాడ్ బ్లాకర్ కొంత మేలు చేస్తుంది. తెలిసిన సైట్‌లోకి కూడా ప్రకటనల ద్వారా హానికర కోడ్ రావచ్చు కాబట్టి 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ దీన్ని సిఫార్సు చేసింది. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలు ఖాతా వాడితే, దాడి గెలిచినా నష్టం తగ్గుతుంది.

ఆఫీసుల్లో పరిస్థితి వేరు. పాత వెబ్ అప్లికేషన్ ఏదో చెడిపోతుందన్న భయంతో అప్‌డేట్లనే ఆపి ఉంచే చోట్లు ఉన్నాయి. ఆ భయం నిరాధారమైనది కాదు, కానీ దానికి మందు అప్‌డేట్ ఆపడం కాదు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన సైట్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. ఆ ఒక్క సైట్‌కు దాన్ని పెట్టి, మిగతా బ్రౌజర్‌ను మారనివ్వవచ్చు. అప్‌డేట్ దిగిన కొన్ని రోజుల్లో బ్రౌజర్ తప్పక రీలాంచ్ అయ్యేలా చేసే విధానాలు క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ నిర్వాహకులకు అందుబాటులో ఉన్నాయి.

హెచ్చరికలు వార్తల్లో మోగే రోజుల్లోనే మరో మోసం కూడా పనిచేస్తుంది. ఏదో సైట్ తెరవగానే "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేయండి" అంటూ అచ్చం క్రోమ్ పేజీలా కనిపించే తెర వస్తుంది. నొక్కితే దిగేది మాల్‌వేర్. పరిశోధకులు సాక్‌గోలిష్ అని పిలిచే మాల్‌వేర్ ఏళ్లుగా వ్యాపిస్తున్నది ఇలాగే. అసలైన అప్‌డేట్ ఎన్నడూ వెబ్ పేజీలోంచి ఫైల్ దించుకోమని అడగదు. అది బ్రౌజర్ మెనూలోనే వస్తుంది.

అప్‌డేట్లే రాని యంత్రాలు

క్రోమియంలోని తీవ్ర భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ నిర్వహణ తప్పులేనని గూగుల్ 2020లో వెల్లడించింది. వెబ్‌పీ లోపం కూడా ఆ కోవదే. రస్ట్ వంటి భాషల్లో రాస్తే ఇలాంటి తప్పు పక్క మెమరీని చెడగొట్టకుండా ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. క్రోమ్ 2023 జనవరిలో రస్ట్ కోడ్‌కు తలుపు తెరిచింది. ఫైర్‌ఫాక్స్ 2021లో ఐదు లైబ్రరీలను బ్రౌజర్ లోపలే మరో చిన్న కట్టడిలో పెట్టింది, కానీ లిబ్‌వెబ్‌పీ ఆ ఐదింటిలో లేదు. సీ, సీ++ భాషల్లో దశాబ్దాలుగా పోగైన కోడ్ మారడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు ఇలాంటి హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, ప్యాచ్ అందే యంత్రాలకు వాటితో పెద్ద చిక్కు లేదు.

చిక్కల్లా ప్యాచ్ అందని వాటితోనే. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109 చివరి వెర్షన్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. అంటే వెబ్‌పీ లోపం బయటపడేనాటికే ఇళ్లలోని విండోస్ 7 కంప్యూటర్లకు క్రోమ్ అప్‌డేట్లు ఆగిపోయి ఏడు నెలలైంది. అలాంటి యంత్రం ఊళ్లో నెట్ సెంటర్‌లో ఉంటే ప్రమాదం ఒక్కరిది కాదు. ఆధార్, బ్యాంకు వివరాలు, పిల్లల పరీక్ష దరఖాస్తులు అన్నీ ఆ ఒక్క బ్రౌజర్‌లోంచే వెళతాయి. మోజిల్లా ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాలిక వెర్షన్‌ను విండోస్ 7 కోసం పలుమార్లు పొడిగించింది కాబట్టి, యంత్రం మార్చే స్తోమత వెంటనే లేనివారికి క్రోమ్ 109 కంటే అది మేలు. హార్డ్‌వేర్ సహకరిస్తే కొత్త లినక్స్ పంపిణీ వేసుకోవడం ఇంకా మేలు.

అయితే బ్రౌజర్ ఒక్కటే కొత్తదైతే సరిపోదని 2019 మార్చి నాటి క్రోమ్ జీరో డే చూపింది. ఆ దాడిలో క్రోమ్ లోపంతో లోపలికి వచ్చి, విండోస్ 7 కెర్నల్‌లోని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోని, మరో లోపంతో శాండ్‌బాక్స్ దాటారు. విండోస్ 10కి మారడాన్ని పరిశీలించమని గూగుల్ అప్పుడు వినియోగదారులకు సూచించింది. ఇప్పుడు విండోస్ 10 వంతు వచ్చింది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటి వినియోగదారులు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైతే 2026 అక్టోబరు 13 దాకా కెర్నల్ ప్యాచ్‌లు వస్తాయని ప్రకటించారు. ఎడ్జ్‌కు మాత్రం విండోస్ 10 చివరి వెర్షన్‌పై కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ తెలిపింది. ఆ పథకంలో చేరని కంప్యూటర్‌లో అబౌట్ పేజీ తెరిస్తే బ్రౌజర్ తాజాగా ఉందనే చూపిస్తుంది. శాండ్‌బాక్స్ ఆనుకుని నిలబడిన కెర్నల్ మాత్రం ప్యాచ్ లేకుండానే ఉంటుంది.